మూడో పొయ్యి

గురువారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు రిటైరైన పోలీసు డిటెక్టివ్ ఎస్తేరు ఆర్మూరులోని ఒక టెంట్‌హౌస్‌లో నిలబడి అద్దె గిన్నెల జాబితా చదువుతోంది. సాయంత్రం నాలుగు గంటలకు పడవ నడిపే నడిపయ్యను హత్యా నేరం మీద కోర్టులో హాజరుపరుస్తారు. ఆ లోపల నిజం దొరకకపోతే కేసు ఫైలు మూతపడుతుంది. ఆశమ్మ అనే కూలీ మనిషి ఎలా చనిపోయిందో ఆ తరువాత ఎవరూ అడగరు.

"ఆదివారం విహారానికి ఏమేమి తీసుకెళ్లారు?"

టెంట్‌హౌస్ యజమానురాలు పోచవ్వ కళ్లజోడు సవరించుకుంది. "రెండు బగోనలు, రెండు మూతలు, ఒక గంటె. పొద్దుగూకంగ తెచ్చి పడేసిపోయిండ్రు. ఒక మూత కమ్మి వచ్చింది. అడుగుదమంటే మనిషే చచ్చిపోయిందంటిరి. ఇగ ఎవలనడగాలె?"

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

"మూత పోయిందని ఊరంత డప్పు కొట్టుకుంటనా అమ్మా? నా పుస్తకంల రాసుకున్న, గంతే."

ఎస్తేరు పక్కన నిలబడిన ఇరవై రెండేళ్ల రూత్ ఆ జాబితా వంక చూసి ముఖం తిప్పుకుంది. చనిపోయిన ఆశమ్మ కూతురామె. బస్టాండు ఎదుట ఎస్టీడీ బూత్‌లో పని చేస్తుంది.

జరిగిందని పోలీసులు నమ్ముతున్నది ఇది. పసుపు వ్యాపారి భూమేశ్వర్ సేటుకు శ్రీరాంసాగర్ నీళ్లలో విహారానికి తిప్పే లాంచీ ఉంది. ఆదివారం పన్నెండు మంది అతిథులు ఆ లాంచీలో కొంగల కుర్రుకు వెళ్లారు. నడిపింది నడిపయ్య. నీటి నడుమ మిగిలిన మెట్టను ఆ ప్రాంతంలో కుర్రు అంటారు. వంటకు ఆశమ్మ వెళ్లింది. ఒంటి గంటకు కుర్రు నుంచి తిరిగి బయలుదేరి, ఒకటీ నలభైకి అందరూ మెండోర ఒడ్డున దిగారు. ఆశమ్మ కూడా దిగింది. సాయంత్రం నడిపయ్య తాగి, ఆమెను తన తెప్ప మీద ఎక్కించుకుని తీసుకెళ్లి నీళ్లలో ముంచేశాడు. సోమవారం ఉదయం శవం ఒడ్డుకు చేరింది.

నడిపయ్య లాకప్‌లో చెప్పింది వేరు. "వాపస్ వచ్చేటప్పుడు ఆమె లాంచీ ఎక్కనే లేదు మేడం. సేటుకు జెప్పిన, ఒక మనిషి తక్కువున్నదని. 'నాలుగు గంటలకు ఇంకో ట్రిప్పున్నది, గండ్లనే ఎక్కి వస్తది, నువ్వు నడుపు' అన్నడు. నేను నడిపిన."

ఎస్తేరు అతణ్ణి ఓదార్చలేదు. నాలుగు గంటల ట్రిప్పు ఆ రోజు లేదని అతనికి తెలుసు. తెలిసే నడిపాడు. అతడు హంతకుడు కాకపోవచ్చు. నిర్దోషి మాత్రం కాడు.

*

ఎనిమిదీ ఇరవైకి వాళ్లు నీటిమట్టం కొలిచే గది చేరారు. గేజ్ రీడర్ దేవయ్య గంట గంటకూ మట్టం చూసి పుస్తకంలో రాస్తాడు. పక్కనే దుర్భిణి, వాన కొలిచే గొట్టం ఉన్నాయి.

"ఆదివారం లెక్కలు చదవండి, దేవయ్యా."

"పగటీలి పన్నెండుకు వెయ్యీ ఎనభై నాలుగు పాయింట్ ఇరవై అడుగులు. మేము ఎనభై నాలుగనే అంటం మేడం, వెయ్యి ఎవలంటరు? రెండుకు ఎనభై నాలుగు తొంభై. నాలుగుకు ఎనభై ఐదు డెబ్భై. ఐదుకు ఎనభై ఆరు సున్న ఐదు. ఐదున్నరకు గేట్లు లేపిండ్రు. ఏడుకు ఎనభై ఆరు నలభై. గంతకంటె మీదికి ఎక్కలే. తెల్లారెసరికి దిగింది."

"వాన?"

"సున్న. ఆదివారం కెళ్లి ఇయ్యాల్టిదాంక చినుకు లేదు. నీళ్లన్ని పైకెళ్లి వచ్చుడే."

ఎస్తేరు దుర్భిణి ఎత్తింది. కుర్రు స్పష్టంగా కనబడుతోంది. "ఆదివారం మధ్యాహ్నం అటు చూశారా?"

దేవయ్య పుస్తకం మూశాడు. మళ్లీ తెరిచాడు. "చూసిన. లాంచీ వెళ్లినంక గూడ పొగ లేస్తున్నది. రెండు దాటినంక జర మీది జాగల లేసింది. మూడున్నరకు గా పొగ గూడ ఆగింది, ఇంకా మీద లేసింది. ఎవలో చిక్కుకున్నరనుకున్న. నాలుగింటికి లాంచీ టికెట్ మీది నంబరుకు ఫోన్ కొట్టిన."

"ఎవరు ఎత్తారు?"

"మొగ గొంతు. 'సరే, చూస్కుంటం, నువ్వు ఫికర్ చెయ్యకు' అన్నడు. ఐదు దాటి పది నిమిషాలకు పొగ ఒక్కసారే ఆగిపోయింది. పడవ పోయి తీస్కవచ్చింది గదా అని నిమ్మలమైన."

"సోమవారం శవం దొరికింది. అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఎవలడిగిండ్రు మేడం?"

రూత్ అతని ముందుకు వచ్చింది. "మా అమ్మ మూడుసార్లు పొగ పెట్టింది కాకా. నువ్వు మూడుసార్లు చూసినవ్."

దేవయ్య తల దించుకున్నాడు. ఎస్తేరు అతని పుస్తకం అట్ట లోపల ఒక నంబరు రాసింది. అది కలెక్టర్ ఆఫీసులో ఆమెకు తెలిసిన అధికారిది.

"ఇకమీదట ఆ కుర్రు మీద పొగ కనిపిస్తే ఈ నంబరుకు ఫోన్ చేయండి. టికెట్ మీది నంబరుకు కాదు."

"జర పైలం మేడం. పైన మళ్ల నీళ్లు వదిలిండ్రట. పదకొండు దాటితె ఎక్కుడు షురువైతది. పొద్దుగూకెసరికి ఎనభై ఎనిమిది దాటుతదంటున్నరు. గప్పుడు కుర్రే ఉండది."

*

తొమ్మిదిన్నరకు లాంచీ కదిలింది. నీళ్ల మీదికి వెళ్లగలిగిన పెద్ద పడవ అదొక్కటే. దాన్ని అడిగి తీసుకోవలసి రావడం ఎస్తేరుకు నచ్చలేదు. ఇచ్చిన మనిషి అంతకంటే నచ్చలేదు.

భీమ్‌రావు ఒకప్పుడు పోలీసు శాఖలో ఆమెకు పై అధికారి. ఆమె పట్టిన దొంగలను తన పేరున రాసుకుని పతకాలు తెచ్చుకున్నాడు. ఇప్పుడు పెద్ద వ్యాపారులకు అవసరమైన చోట అవసరమైన విచారణ చేసిపెడుతున్నాడు. లాంచీ కంపెనీ తరపున ఈ కేసు అతనిదే.

"ఏం ఎస్తేరమ్మా, రిటైరైనంక గూడ ఇంట్ల కూసోబుద్ధి అయితలేదా?"

"మీకు అవుతోందా, భీమ్‌రావు గారూ?"

"నీ పుస్తకం భాష మాత్రం పోలేదు!" అతడు నవ్వాడు. లాంచీ నడుపుతున్న చిన్నన్న నవ్వలేదు. "చూడు, నీ తృప్తికి తీస్కపోతున్న. ఒక్క గంట. చూస్కొని ఫైలు బంజెయ్. ఈ పోరికి సేటు ఏదన్న సాయం జేస్తడు."

"నాకు వద్దు" అంది రూత్.

"ఈ పని మీకు ఎప్పుడు అప్పగించారు?" ఎస్తేరు అడిగింది.

"సోమవారం. శవం దొరికినంక."

"అంతకు ముందు కుర్రుకు వెళ్లారా?"

"గీ కుర్రు మొఖం చూసుడు గిదే ఫస్టు."

ఎస్తేరు ఆ మాటను, దాని పక్కన సమయాన్ని రాసుకుంది. తొమ్మిదీ నలభై ఎనిమిది.

పది గంటలకు దిగారు. భీమ్‌రావు లాంచీ పక్కనే నిలబడి సిగరెట్ వెలిగించాడు. ఎస్తేరు చేసిన మొదటి పని నీటి అంచున ఒక పుల్ల గుచ్చడం. ఆ ఉదయం మట్టం ఎనభై నాలుగు అడుగులు, కచ్చితంగా. రెండవ పని, మేస్త్రీలు గోడల మట్టం చూసే సన్నని నీళ్ల గొట్టాన్ని సంచిలోంచి తీయడం.

ఒడ్డుకు దగ్గరలో రేకుల షెడ్డు ఉంది. తలుపుకు కొత్త తాళం. గడియ చుట్టూ చెక్క చీలి ఉంది. సందులోంచి చూస్తే ఖాళీ నేల, చీపురు గీతలు. జనం లేని కుర్రు మీద ఖాళీ షెడ్డును ఎవరో శ్రద్ధగా ఊడ్చారు.

షెడ్డుకు ఇరవై అడుగుల దూరంలో మొదటి పొయ్యి. విహారానికి వచ్చినవాళ్ల వంట అక్కడే జరిగింది. నీళ్లు దాన్ని కడిగేశాయి. మూడు రాళ్లు, వాటి లోపలి వైపున మసి మిగిలాయి. ఏటవాలులో ఇంకా పైకి వెళితే రెండవది. అదీ కడిగినట్టే ఉంది. ఇంకా పైన, దాదాపు కుర్రు నెత్తి మీద, మూడవది.

రూత్ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. రాళ్లను తాకలేదు.

"ఇది మా అమ్మ పొయ్యే మేడం."

"ఎలా చెబుతున్నావు? చేపలు పట్టేవాళ్లూ ఇక్కడ వండుకుంటారు."

"వాళ్లు మూడు రాళ్లు పెట్టి వండుకొని పోతరు. ఇది పసుపు ఉడకబెట్టేటోళ్ల పొయ్యి. మూతి గాలికి ఎదురుంటది. వెనక రాయికి, పక్క సందులకు తడి మట్టి మెత్తుతరు, మంట బయటికి పోవద్దని. మా అమ్మ ఇరవై ఏండ్లు పసుపు కడాయిల కింద మంట పెట్టింది. మట్టిల ఈ మూడు వేళ్ల గీతలు ఆమెయే."

మట్టిపూత మీద మూడు వేళ్ల జాడ ఎండి గట్టిపడి ఉంది.

"అగ్గిపెట్టె?"

"ఆమె తాన ఎన్నడు ఉండది. ఒక పొయ్యి నిప్పు తీసి ఇంకో పొయ్యిల వేసుడే."

అంటే నిప్పును దేనిలోనో మోసింది. బగోనలు, గంటె లాంచీలో వెళ్లిపోయాయి. మిగిలింది ఒక్క మూత. ఎస్తేరు కుర్రు నెత్తి అంతా వెదికింది. మూత లేదు.

తరువాత ఆమె పొయ్యి లోపలికి వంగింది. ఎక్కువసేపు చూసింది. బూడిద గడ్డకట్టి ఉంది. సగం కాలిన కట్టెల కొనలు నల్లగా, మొద్దుగా మిగిలాయి. పొయ్యి మూతి ముందర నీళ్లు పడి బూడిద చిట్లిన మచ్చలు గుండ్రంగా ఎండిపోయాయి.

"పసుపు పనిలో రోజు ముగిశాక పొయ్యిని ఏం చేస్తారు, రూత్?"

"నీళ్లు పోసి ఆర్పుతరు. నిప్పు ఇడిచిపెట్టి ఒక్క అడుగు గూడ కదలరు. పక్కనే ఎండు ఆకు, కల్లం ఉంటయి గదా. మా అమ్మయితే ఇంట్ల గూడ..." రూత్ ఆగిపోయింది. ఆమెకు అర్థమైంది.

ఎస్తేరు ఆ మాట పైకి అనలేదు. గొంతు మెత్తబరచనూ లేదు. "ఇంకేం అలవాట్లున్నాయి మీ అమ్మకు? గుర్తు చేసుకో. మనకు సమయం లేదు."

రూత్ కళ్లు తుడుచుకుంది. పొయ్యికి ఎడమ పక్కన వేళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. "ఉప్పు పొట్లం ఈడ పెడ్తది. పొయ్యి వెచ్చదనానికి చెమ్మ తగలదని."

జానెడు లోతున గుడ్డ మూట దొరికింది. ఆశమ్మ చీర కొంగు చింపిన ముక్క. లోపల ఉప్పు లేదు. గుప్పెడు పసుపుపచ్చని పొడి ఉంది.

రూత్ వాసన చూసింది. చిటికెడు అరచేతిలో వేసి తడిపి రుద్దింది. సీసాలోని నీళ్లతో కడిగింది. చెయ్యి మామూలుగా ఉంది.

"ఇది పసుపు కాదు. వాసనే లేదు. పసుపైతే కడిగినా చేతికి ఉంటది. ఇది పోయింది. బరువు గూడ మస్తున్నది." ఆమె తలెత్తింది. "రంగు పొడి మేడం. నాసి పసుపు కొమ్ములకు పూస్తరంట. తింటే పిల్లలకు విషమంట. మా అమ్మ గుర్తుపట్టకుంట ఉంటదా?"

షెడ్డులో ఏముండేదో, దాన్ని ఎందుకు ఊడ్చారో, వంటకు కట్టెలు వెదుకుతూ అందులోకి వెళ్లిన ఆశమ్మను ఎందుకు వదిలి వెళ్లారో ఎస్తేరుకు ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. మూటను జాకెట్టులో దాచుకోమని రూత్‌కు సైగ చేసింది. తరువాత ఇద్దరూ గొట్టం రెండు కొనలు పట్టుకుని నీటి అంచు నుంచి పై దాకా మెట్టు మెట్టుగా కొలిచారు. ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. లెక్క వేసి, మళ్లీ వేసి, ఎస్తేరు భీమ్‌రావును పిలిచింది.

*

"మొదటి పొయ్యి ఎనభై నాలుగు పాయింట్ ఎనభై అడుగుల మీద ఉంది. ఆదివారం ఒకటీ ముప్పావుకు మునిగింది. రెండవది ఎనభై ఐదున్నర. మూడున్నరకు మునిగింది. గేజ్ గదిలోంచి పొగ చూసిన మనిషి చెప్పిన సమయాలూ అవే. మీ సాక్షుల ప్రకారం ఒకటీ నలభైకి ఆశమ్మ మెండోరలో ఉంది. మరి ఇక్కడ నీళ్లు ఎక్కేకొద్దీ పొయ్యిని పైకి జరుపుతూ పోయింది ఎవరు?"

"చేపలోళ్లు. ముప్పై పొయ్యిలుంటయి గీడ."

"చేపలోళ్లు మట్టి మెత్తరు" అంది రూత్. "మా అమ్మ వేళ్లు చూపియ్యాల్నా?"

"నువ్వు జర ఊకో పొల్లా, పెద్దోళ్లు మాట్లాడుతున్నరు."

"ఆమె మాట్లాడుతుంది" అంది ఎస్తేరు. "చనిపోయింది ఆమె తల్లి. ఇప్పుడు మూడవ పొయ్యి. ఎనభై ఆరు పాయింట్ తొంభై. ఆ రోజు నీళ్లు ఎనభై ఆరు నలభై దగ్గర ఆగిపోయాయి. అర అడుగు కిందే ఆగాయి, భీమ్‌రావు గారూ. ఆశమ్మ గెలిచింది. రాత్రంతా ఇక్కడే కూర్చుని ఉంటే తెల్లవారి బతికే ఉండేది."

భీమ్‌రావు సిగరెట్ బూడిద రాల్చాడు.

"ఐదూ పదికి పొగ ఆగింది. నీళ్లు ఆర్పలేదు. వాన లేదు. సాయం కోసం పొగ పెట్టిన మనిషి తన పొగను తానే ఎందుకు ఆర్పుకుంటుంది? ఒక్కటే కారణం. పడవ వచ్చింది. వచ్చినవాళ్లు తీసుకెళతారని నమ్మింది. పని ముగిసిందనుకుని, అలవాటు ప్రకారం కిందికి వెళ్లి నీళ్లు తెచ్చి, పొయ్యి ఆర్పి, పడవ ఎక్కింది."

"కథలు మంచిగ జెప్తవ్ ఎస్తేరమ్మా." అతని గొంతు పెరిగింది. "కాన్వెంటుల నేర్పిండ్రా? గంత పెద్ద మంట మూతెడు నీళ్లకు ఆరుతదా?"

గాలికి గడ్డి కదిలింది. రూత్ అతని ముఖంలోకి చూసింది.

"మూత అని నేను అనలేదు" అంది ఎస్తేరు.

"వంట మనిషి తాన మూత ఉండదా?"

"ఉంటుంది. బగోన ఉంటుంది, గంటె ఉంటుంది, చెంబు ఉంటుంది. ఆమె చేతిలో మిగిలింది మూత ఒక్కటే అని తెలిసినవాళ్లు ముగ్గురే. గిన్నెల లెక్క రాసుకున్న పోచవ్వ, ఆ లెక్క చదివిన మేమిద్దరం. నాలుగో మనిషికి తెలియాలంటే, ఆదివారం ఐదూ పదికి ఇక్కడ నిలబడి, ఆమె నీళ్లు పోస్తుంటే చూసి ఉండాలి."

ఎన్నో ఏళ్ల తరువాత మొదటిసారి, ఆమె పట్టిన దొంగను భీమ్‌రావు తన పేరున రాసుకోలేకపోయాడు.

అతడు నవ్వడానికి ప్రయత్నించాడు. సిగరెట్ పారేసి కాలితో నలిపాడు. "సరే. నీ తెలివి కోర్టుల చూపిద్దువు తియ్. సాక్ష్యమంటే ఫోటోలుండాలె గదా? లాంచీల కెమెరా ఉన్నది, తెస్త. కొలతలు చెదరకుంట చూడుండ్రి."

అతడు తొందర లేకుండా దిగి వెళ్లాడు. ఎస్తేరు అతని నడకనే చూస్తూ నిలబడింది. అతడు లాంచీకీ ఒడ్డుకూ మధ్య వేసిన పలక ఎక్కి, దాన్ని లోపలికి లాగిన తరువాత గాని ఆమెకు అర్థం కాలేదు. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఇంజన్ మోగింది. రూత్ ఏటవాలులో పరుగెత్తింది. "చిన్నన్నా! ఓ చిన్నన్నా!"

చిన్నన్న వెనక్కు చూడలేదు. చూసింది భీమ్‌రావు. అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని అరిచాడు.

"నాలుగు గంటలకు ఇంకో ట్రిప్పున్నది! గండ్ల రాండ్రి!"

*

పదకొండూ ఇరవై. ఎస్తేరు సెల్‌ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ లేదు. నీటి అంచుకు దిగి చూసింది. పది గంటలకు తాను గుచ్చిన పుల్ల కొన మాత్రమే పైకి కనిపిస్తోంది. సాయంత్రానికి ఎనభై ఎనిమిది. కుర్రు నెత్తి ఎనభై ఏడున్నర. ఈసారి మూడవ పొయ్యి కూడా మిగలదు. దానితో పాటు వేళ్ల జాడలు, బూడిద, మూట, ఇద్దరు మనుషులు. నాలుగు గంటలకు కోర్టులో నడిపయ్య పేరు పిలుస్తారు. అతని మాట నిజమని చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఉన్నారు.

రూత్ తిరిగి వచ్చి నిలబడింది. ఆమె ఏడవడం లేదు.

"ఈత వచ్చా?" ఎస్తేరు అడిగింది.

"రాదు."

"నాకూ రాదు." ఎస్తేరు సంచిలోంచి అగ్గిపెట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. "మీ అమ్మ దగ్గర ఇది కూడా లేదు. పొయ్యి పెట్టు. ఆమె పెట్టినట్టే."

రూత్ పాత రాళ్లను ముట్టుకోలేదు. అవి సాక్ష్యం. వాటికి రెండు బారల పైన కొత్త రాళ్లు చేర్చింది. మూతి గాలికి ఎదురుగా తిప్పింది. సీసాలో మిగిలిన నీళ్లతో మట్టి తడిపి, వెనక రాయికి మెత్తి, మూడు వేళ్లతో గట్టిగా నొక్కింది. పచ్చి గడ్డి వేయగానే పొగ దట్టంగా లేచి నిటారుగా పైకి పోయింది.

ఎస్తేరు దూరాన ఉన్న గేజ్ గది వైపు చూసింది. అక్కడ ఒక మనిషి ఉన్నాడు. పోయిన ఆదివారం మూడుసార్లు చూసి, ఒక్కసారి తప్పు నంబరుకు ఫోన్ చేసిన మనిషి. ఇవాళ అతడు పుస్తకంలోంచి తలెత్తితే సరైన నంబరు అట్ట లోపలే ఉంది.

పన్నెండుకు అయిదు నిమిషాలు ఉండగా నీళ్ల మీద ఒక ఇంజన్ చప్పుడు వినిపించింది. ఎండ మెరుపులో ఏ పడవో తెలియడం లేదు. గేజ్ గది వైపు నుంచి వస్తోందో, మెండోర వైపు నుంచి వస్తోందో తెలియడం లేదు.

రూత్ చప్పున లేచి ఖాళీ సీసా అందుకుంది. ఆమె చెయ్యి తనంత తానే నీళ్ల వైపు, పొయ్యి ఆర్పే పనికి కదిలింది.

ఎస్తేరు ఆ మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆర్పకు. వచ్చినవాళ్ల ముఖం నేను చూసేదాకా ఆర్పకు."